857 సైట్లు, ఒక జత ఇయర్‌ఫోన్లు

2018 సెప్టెంబరు చివర్లో ఉత్తరాఖండ్ హైకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. 2015లో మూసేయమన్న 857 అశ్లీల సైట్లు ఇంకా ఎందుకు తెరుచుకుంటున్నాయని అడిగింది. ఐటీ శాఖ పాత జాబితా దుమ్ము దులిపి సరిచూసుకుంది. లెక్క 827కి దిగింది. మిగిలిన 30 సైట్లలో అశ్లీలం మచ్చుకైనా లేదని శాఖే తేల్చింది.

అంటే మూడేళ్లపాటు 30 సైట్లు చేయని పాపానికి ప్రభుత్వ రికార్డుల్లో బూతు సైట్లుగా బతికాయన్నమాట. 2015లో ఆ జాబితా తయారుచేసింది నిఘా విభాగమూ కాదు, సైబర్ నిపుణులూ కాదు. అశ్లీల సైట్లు మూయించాలని సుప్రీంకోర్టుకెళ్లిన ఇండోర్ న్యాయవాది తరఫున వచ్చిన జాబితానే టెలికాం శాఖ జులై 31న ఇంటర్నెట్ కంపెనీలకు పంపిందని అప్పటి పత్రికలు రాశాయి. అందులో కాలేజ్ హ్యూమర్ అనే అమెరికన్ హాస్యం సైటు కూడా ఉంది. జోకులు నాసిరకంగా ఉన్నాయనుకుంటే దానికి వేరే సెక్షను వెతకాలి గానీ!

జనం గగ్గోలు పెట్టారు. నాలుగైదు రోజుల్లోనే సర్కారు మెత్తబడింది. పిల్లల్ని వాడుకున్న అశ్లీలం లేని సైట్లను మూయనక్కర్లేదని కంపెనీలకు కబురు పెట్టింది. ఏ సైటులో ఏముందో మాకెలా తెలుస్తుంది, ఈ ఆదేశం అమలు చేసేలా లేదు అని కంపెనీలు తిరుగు జవాబిచ్చాయి. చూసి చెప్పండని ప్రభుత్వం, చూడటం మా పని కాదని కంపెనీలు. దేశంలో కోట్లమంది పైసా జీతం లేకుండా చేస్తున్న పనిని అధికారికంగా చేయడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు.

పిల్లల విషయంలో ఐటీ చట్టంలోని 67బి సెక్షను స్పష్టంగానే ఉంది, అక్కడ వాదనకు తావు లేదు. చిక్కంతా పెద్దల దగ్గరే. 'లైంగికంగా బాహాటమైన చర్య' ఉన్నదాన్ని ఆన్‌లైన్లో పెడితే 67ఎ కింద తొలి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల దాకా జరిమానా. ఆ బాహాటం ఎక్కడ మొదలవుతుందో మాత్రం చట్టం చెప్పలేదు. కొలబద్ద ఇవ్వకుండా కొలత తప్పిందని శిక్ష వేయడం మన శాసనకర్తలకే చెల్లింది.

2024 జులై 1న వలస పాలన వాసనలు వదిలించుకుంటున్నామని ఐపీసీ తీసేసి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. పాత 292 పోయి 294 వచ్చింది. కామోద్దీపకం, కామాసక్తిని రెచ్చగొట్టేది, చదివేవాళ్లనో చూసేవాళ్లనో చెడగొట్టేది అశ్లీలం అన్న నిర్వచనం మాత్రం పాతింటి సామానులా కొత్తింట్లోకి నడిచొచ్చింది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదీ ఇందులోకే వస్తుందని ఒక ముక్క తగిలించారు. ఆ సెక్షన్ కింద తొలి నేరానికి గరిష్ఠ జరిమానా ఐదువేలు. అదే బొమ్మకు ఐటీ చట్టం 67 కింద ఐదు లక్షలు. ఎఫ్ఐఆర్ రాసే చేతిని బట్టి రేటు మారుతుంది.

ఆ 'చెడగొట్టడం' అనే మాట 1868 నాటిది. లండన్‌లో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ హిక్లిన్ కేసులో చెప్పినది. తమాషా ఏమిటంటే అక్కడ బోనెక్కింది బూతు పుస్తకం కాదు, కాథలిక్ గురువుల పాపసంకీర్తన పద్ధతిని ఎండగడుతూ ప్రొటెస్టెంట్లు వేసిన కరపత్రం. ఇలాంటి ప్రభావానికి లొంగే బలహీనమైన మనసుల చేతుల్లో పడితే ఏమవుతుందో చూడాలన్నారు దొరవారు. అప్పట్నుంచీ అదే వరస. చదివిన జడ్జి చెడిపోడు, పట్టుకున్న పోలీసు చెడిపోడు, సాక్ష్యంగా నకలు రాసిన గుమాస్తా చెడిపోడు. చెడిపోయేవాడు ఎప్పుడూ కోర్టు ఆవరణ బయటే ఉంటాడు.

1964లో మన సుప్రీంకోర్టు ఆ హిక్లిన్ కొలతతోనే 'లేడీ చాటర్లీస్ లవర్' అమ్మిన బొంబాయి పుస్తకాల వ్యాపారిని దోషిగా నిలిపింది. ఆ కొలతను పక్కన పెట్టడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. దానికీ ఒక ఫొటో కావలసివచ్చింది. టెన్నిస్ వీరుడు బోరిస్ బెకర్, కాబోయే భార్య బార్బరా నగ్నంగా దిగిన ఆ ఫొటో జర్మన్ పత్రికలో వస్తే, 1993లో కలకత్తా పత్రికలు తిరిగి వేశాయి. వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఇచ్చిన సందేశం అది, అశ్లీలం కాదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. ఈలోగా ఆ జంటకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, 2001లో విడాకులూ అయిపోయాయి. ఫొటోకు మాత్రం అప్పటిదాకా కేసు నుంచి విడుదల దొరకలేదు.

మన తెలుగువాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే, ఆ తర్వాత దొరలు నిషేధించారు. ఆ నిషేధం తీసేయడానికి 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు రావలసివచ్చింది. తంజావూరు ఆస్థానం సిగ్గుపడని కావ్యానికి మద్రాసు పోలీసులు సిగ్గుపడ్డారు!

ఇక ఓటీటీల కాలం. 'కాలేజ్ రొమాన్స్' అనే వెబ్ సిరీస్‌లో పిల్లలు మాట్లాడే బూతులు వినలేక, చుట్టుపక్కలవారు ఉలిక్కిపడతారని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడాల్సి వచ్చిందని 2023లో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి తీర్పులోనే రాశారు. కేసు నమోదు చేయాల్సిందేనన్నారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. బూతు మాట అసహ్యం పుట్టించవచ్చు గానీ కామం పుట్టించదు, రెండూ ఒకటి కావంది. పల్లెటూళ్లో కుళాయి దగ్గర పొద్దున్నే నిలబడిన ఎవరికైనా ఈ తేడా పుట్టుకతో తెలుసు. తీర్పు రావడానికి నాలుగు కోర్టులు, ఒక జత ఇయర్‌ఫోన్లు ఖర్చయ్యాయి.

చట్టంలో ఒక మినహాయింపు మాత్రం ముచ్చటైనది. ప్రాచీన కట్టడాలు, గుళ్లు, దేవుణ్ణి ఊరేగించే రథాలు, వీటి మీద చెక్కిన బొమ్మలకు అశ్లీల చట్టం వర్తించదు. పాత చట్టంలో ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. రథం మీద ఉన్న జంట నిర్భయంగా నాలుగు వీధులూ తిరిగి రావచ్చు. అదే జంట ఫొటో వాట్సాప్‌లో పంపితే? వారసత్వ ప్రయోజనం కోసమైతే ఐటీ చట్టంలోనూ మినహాయింపు ఉంది కాబట్టి, గ్రూపు పేరు 'ఆలయ శిల్పకళా మిత్రులు' అని మార్చుకుంటే కాస్త క్షేమం.

హైదరాబాద్ పోలీసులకూ ఈ శాస్త్రంలో ప్రవేశం ఉంది. 2018లో రామ్‌గోపాల్ వర్మ 'గాడ్, సెక్స్ అండ్ ట్రూత్' ఆన్‌లైన్లో పెడితే ఐటీ చట్టం కింద కేసు పెట్టి పిలిపించారు. షూటింగ్ విదేశాల్లో జరిగిందని, తాను స్కైప్‌లో సూచనలిచ్చానని ఆయన చెప్పినట్టు పత్రికలు రాశాయి. నేరం ఎక్కడ జరిగిందని రాసుకోవాలి? కెమెరా ఉన్న చోటా, దర్శకుడు ఉన్న చోటా, చూసినవాడి మంచం మీదా?

పరాయి దేశాలు మెరుగా అంటే అదీ లేదు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి పాటర్ స్టీవర్ట్ 1964లో అశ్లీలాన్ని నిర్వచించడం నా వల్ల కాదు, చూస్తే మాత్రం గుర్తుపడతానన్నాడు. ఆ కోర్టులోనే జస్టిస్ హార్లన్‌కు చూపు దాదాపు పోయింది. కేసులకెక్కిన సినిమాలు వేసినప్పుడు తెర మీద ఏం జరుగుతోందో పక్కవాళ్లు ఆయనకు వర్ణించి చెప్పేవారట. బ్రిటన్ 2019 జులైలో అశ్లీల సైట్లకు వయసు తనిఖీ మొదలుపెడతామని ముహూర్తం పెట్టి, ఆ సంగతి యూరోపియన్ కమిషన్‌కు తెలియజేయడం మరిచిపోయి వాయిదా వేసింది. తర్వాత ఆ ఆలోచనే మానుకుంది. చివరికి 2025 జులై 25న మరో చట్టం కింద తనిఖీ వచ్చింది. ఆ వారం అక్కడ జనం ఎగబడి దించుకున్నవి వీపీఎన్ యాప్‌లు. కొందరు వీడియో గేమ్‌లోని బొమ్మ మొహాన్ని కెమెరాకు చూపించి పెద్దవాళ్లయిపోయారు.

మన దగ్గర 2024 మార్చిలో 18 ఓటీటీలు మూశారు. 2025 జులైలో మరో 25 యాప్‌లూ సైట్లూ మూశారు, ఉల్లూ, ఏఎల్‌టీటీ వాటిలోవే. 2018లో మూసినప్పుడు ఒక పెద్ద సైటు చిరునామా చివర డాట్ కామ్ తీసి డాట్ నెట్ తగిలించుకుని మళ్లీ దుకాణం తెరిచింది. ఇక 2021 నిబంధనలు 'ఎ' వర్గం కంటెంట్‌కు నమ్మదగిన వయసు తనిఖీ ఉండాలన్నాయి. చాలాచోట్ల ఆ నమ్మదగిన తనిఖీ ఏమిటంటే, 'మీకు 18 నిండాయా?' అని అడగడం, 'అవును' నొక్కడం. ఈ దేశంలో ఆ ప్రశ్నకు 'కాదు' నొక్కిన కుర్రాడు కనబడితే పద్మశ్రీకి సిఫారసు చేయవచ్చు.

2025 నవంబరులో సుప్రీంకోర్టులో ఆధార్ మాట వచ్చింది. ముందు హెచ్చరిక వేసి, తర్వాత ఆధార్ లాంటిదేదైనా అడిగి వయసు చూస్తే ఎలా ఉంటుందని ధర్మాసనం ఆలోచన చెప్పింది. బాగానే ఉంది. కాకపోతే అమీర్‌పేట హాస్టల్లో ఉండే పాతికేళ్ల కుర్రాడి ఆధార్‌కు లింకయిన నంబరు చాలావరకు అమలాపురంలో నాన్న జేబులో ఉంటుంది. రాత్రి పదకొండున్నరకు అక్కడ ఫోను టింగుమంటుంది. ఆయన కళ్లజోడు వెతుక్కుని, మెసేజ్ చదువుకుని, కొడుక్కి ఫోన్ చేస్తాడు. "ఒరే, ఇప్పుడే ఏదో ఆధార్ ఓటీపీ వచ్చిందిరా. బ్యాంకువాళ్లేనా? ఆరు అంకెలున్నాయి, చెప్పమంటావా?"