కొండకి దక్కిన పట్టా

మా వైపు పట్టా అంటే రెండు. ఒకటి తాసిల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే వచ్చేది. రెండోది వానొస్తే ఎండు చేపల మీద కప్పేది. ఋషికొండకి రెండోది దక్కింది.

భీమిలిలో బస్సెక్కి బీచ్ రోడ్డున విశాఖ పోతుంటే ఎడమ చేతికి సముద్రం, ఆ ఒడ్డునే ఈ కొండ. పర్యాటక సంస్థ హరిత రిసార్టుని పడగొట్టి, కొండని తొలిచి, ఎర్రగా బయటపడ్డ ఒంటి మీద ఆకుపచ్చ పట్టా పరిచారు. చేపల తట్టతో నా ముందు సీట్లో కూర్చున్నామె కిటికీలోంచి చూసి, "కొండకి సొక్కా తొడిగినారేటి బాబూ?" అంది. "రహస్యమమ్మా" అన్నాడు కండక్టరు, టికెట్టు చింపుతూ. బస్సు బస్సంతా మెడ సాచి చూస్తున్న రహస్యం!

గుట్టు లేనిదే పాలన సాగదనే పెద్దలున్నారు. ఒప్పుకుంటాను. యుద్ధనౌక ఏ రాత్రి కదులుతుందో తూర్పు నౌకాదళం నాకు చెప్పక్కర్లేదు. అలాంటి వాటికి సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షనులో మినహాయింపు రాసే ఉంది. కొండ మీద కట్టే స్నానాలగది ఆ జాబితాలో లేదు.

ఏం కడుతున్నారయ్యా అంటే పూటకో జవాబు. రిసార్టన్నారు. 2023 ఆగస్టులో అప్పటి అధికార పార్టీయే ట్విట్టర్లో సచివాలయమని రాసి, నాలిక్కరుచుకుని, అబ్బే పర్యాటకమే అంది. తరవాత అధికారుల కమిటీ వచ్చి ముఖ్యమంత్రి బసకి భేషుగ్గా ఉంటుందంది. 2024 ఫిబ్రవరి 29న మంత్రి రోజా రిబ్బను కత్తిరించారు గాని, తలుపు జనానికి తెరుచుకోలేదు. ప్రభుత్వం మారాక జూన్ 16న మా ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు విలేకరులని వెంటేసుకుని లోపలికెళ్లారు. 400 కోట్లు దాటిన మన సొమ్ముతో కట్టిన గదులని మనం అలా టీవీలో చూసుకున్నాం.

కొండంటే దాచడం కష్టం. కాగితమైతే సులువు. ప్రభుత్వ ఉత్తర్వులని నెట్లో పెట్టే పద్ధతి 2008లో ఆ ముఖ్యమంత్రి తండ్రి హయాంలో మొదలైతే, 2021 ఆగస్టులో కొడుకు హయాంలో ఆపేశారు. దానికి ముందు మరో ముచ్చట: నంబరుంటుంది, తేదీ ఉంటుంది, లోపల తెల్లగా ఉంటుంది. ముహూర్తం, వధూవరుల పేర్లు తీసేసి శుభలేఖ పంచినట్టు. అక్షింతలు ఎవరి మీద వెయ్యాలి?

2024 ఆగస్టు నెలాఖరుకి కొత్త ప్రభుత్వం ఆ కిటికీ మళ్లీ తెరిచింది. సంతోషమే. గడియ మాత్రం ఇప్పటికీ లోపలివైపే ఉంది.

నేనూ కాస్త ధైర్యం తెచ్చుకుని, 10 రూపాయల పోస్టలార్డరు జతచేసి, మా వీధి కాలవకి బిల్లెంతయిందో చెప్పమని ఒక ఆఫీసుకి అర్జీ పెట్టాను. చట్టం 30 రోజులంది. 31వ రోజున జవాబొచ్చింది: తమరు కోరిన సమాచారం విస్తారంగా ఉన్నందున స్వయంగా వచ్చి చూసుకోగలరు. కాలవ పొడవు నలభై అడుగులు.

వెళ్లాను. గుమాస్తా మర్యాదగా కుర్చీ వేసి, టీ తెప్పించి, మూలనున్న బీరువా చూపించాడు. తాళం ఉన్నాయన సెలవట. పైకప్పు కారుతోందని బీరువా మీద పట్టా కప్పారు. ఆకుపచ్చదే.