బొటనవేలి చాటు విమానం

సూళ్లూరుపేటలో పైకెగిరే దేనికైనా పేరు ముందే తెలిసిపోతుంది. పీఎస్‌ఎల్‌వీనో జీఎస్‌ఎల్‌వీనో పేపర్లో వచ్చేస్తుంది, టైముతో సహా. రాకెట్లు వదిలే షార్ పెద్దల కార్లు చెంగాళమ్మ గుడి ముందు ఆగాయంటే ఇక ముహూర్తం దగ్గరపడినట్టే. నేలపట్టు చెట్ల మీద గూడబాతు వాలితే బడిపిల్లలు కూడా పేరు చెబుతారు. ఇలాంటి ఊళ్ళో ఉంటూ, ఎప్పుడో తుక్కు కిందికి పోయిన పాత విమానాల పేర్లు ఊహించే ఆట మరిగామంటే అది మా తలరాత.

ఆట చాలా సులువు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకరు సెల్‌ఫోన్లో పాత విమానం ఫోటో చూపిస్తారు. ఒంటి మీద రాసిన పేరూ నంబరూ కనపడకుండా బొటనవేలు అడ్డం పెడతారు. అదేం విమానమో మిగతావాళ్ళు చెప్పాలి. చెప్పినవాడికి ఉత్త టీ కూడా రాదు. పైగా గెలిచినవాడే మర్నాటి ఫోటో తేవాలి. మేం పెట్టుకున్న ఈ ఒక్క షరతూ ఆటని తలకిందులు చేసింది. ఎవరూ ఎరగని విమానాన్ని పట్టుకురావాలంటే అర్ధరాత్రి దాకా వెతకాలి, ఇంట్లో చీవాట్లు తినాలి. అందుకని మా లెక్కల అయ్యవారు జవాబు తెలిసినా నోరు మెదపరు. ఆయన టీ గ్లాసులోకి మరీ అమాయకంగా చూస్తున్నారంటే విమానం దొరికిపోయిందని అర్థం.

పాత విమానాలే ఎందుకంటే, ఇప్పటివాటిలో ఊహించడానికేముంది? అన్నీ ఒక్క అచ్చులో పోసినవే. రెక్కల కింద రెండు ఇంజన్లు, చివర ఒక తోక. కంపెనీ రంగు చూసి బస్సును పోల్చుకున్నట్టు పోల్చుకోవాల్సిందే. పాతవాటికి ముక్కూ మొహం ఉండేవి. బెంగళూరు హెచ్‌ఏఎల్ 1970ల్లో పురుగుమందు చల్లడానికి ‘బసంత్’ అని ఒకటి చేసింది. మందు తొట్టి ముందు, పైలట్ దాని వెనక ఎత్తు మీద. ఆ ఫోటో చూపించిన రోజు నాయుడుపేట నుంచి వచ్చిన ఒక వరిరైతు పేరు సంగతి వదిలేసి, “ఎకరాకి ఎంత తీసుకుంటారు?” అని అడిగాడు. మాకు తట్టిన ప్రశ్నలన్నిటికంటే అదే మంచి ప్రశ్న.

మా జట్టులో షార్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉన్నారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని మోసుకుపోయినప్పుడు లోపల డ్యూటీలో ఉన్న మనిషి. ఆయన లెక్కలో విమానాలకి పౌరుషం తక్కువ. “గాలి లేకుంటే ఎగరలేనిది, అదీ ఒక ఎగరడమేనా అబ్బయ్యా?” అంటారు. అలాంటాయనకి ఒకరోజు వాయుసేన వాళ్ళ ఫెయిర్‌చైల్డ్ ప్యాకెట్ చూపించాం. రెండు తోకబొంగులు, రెండు పిస్టన్ ఇంజన్లు ఉండే అమెరికన్ రవాణా విమానం. హిమాలయాల్లో ఎత్తు మీద విమానాలు దిగే మైదానాల నుంచి బరువుతో లేవలేక ఆయాసపడుతుంటే, మనవాళ్ళు దాని నడినెత్తిన ఒక జెట్ ఇంజను బిగించారు. ఆయన అద్దాలు పైకి నెట్టి, ఫోను లాక్కుని, “స్ట్రాపాన్!” అని అరిచారు. “బలం చాలకపోతే ఇంకోటి కట్టాల. అదే కదా మేం చేసింది!” ఆ రోజు నుంచి ఆయన దృష్టిలో ప్యాకెట్ ఒక్కటే విమానం.

ఇంకొకడు నేలపట్టులో వచ్చినోళ్ళకి పక్షుల్ని చూపించే కుర్రాడు. వాడికి రెక్కలూ చక్రాలూ లెక్కపెట్టే ఓపిక లేదు, నిలబడ్డ తీరు చూసి చెప్పేస్తాడు. ఇంజనీరు ఘాటగే గారి ఆధ్వర్యంలో హెచ్‌ఏఎల్ తయారుచేసిన హెచ్‌టీ-2 ఉంది, 1951లో మొదట ఎగిరింది. దానికి ఐదేళ్ళ ముందే కెనడాలో ఎగిరిన చిప్‌మంక్ ఉంది. రెండూ ఒకరి వెనక ఒకరు కూర్చునే శిక్షణ విమానాలే. రెండిటికీ రెక్కలు కిందే, చిన్న చక్రం తోక దగ్గరే. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే వాడు తడుముకోకుండా, “జాతి ఒకటే సార్. ఇది మగది, అది ఆడది” అన్నాడు. వాడి మాట కాదనడానికి పావుగంట పట్టింది. అప్పటికీ వాడు ఒప్పుకోలేదు.

ఈ ఆట ఒకప్పుడు ఆట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చేది మనదో శత్రువుదో నీడ చూసి పోల్చాలని బొమ్మలు అచ్చేసి సిపాయిలకీ జనానికీ నేర్పించారు; పేకముక్కల మీద కూడా వేశారు. మన కోస్తాకీ ఆ సెగ తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. జపాను పేర్లు నోరు తిరగక మిత్రపక్షాలవాళ్ళు ఫైటర్లకి మగపేర్లు, బాంబర్లకి ఆడపేర్లు తగిలించారని చెబితే, రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు, “తుపాన్లకి పెట్టినట్టేగా! ఎవరి మీద పడాలో వాళ్ళనే పేరు పెట్టుకోమంటే పోయేది” అన్నారు.

విశాఖ బీచిలో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 ఉంది కదా, దాని కింద నిలబడి ఆడదామని అందరం కలిసి పోయాం కూడా. అరక్కోణం రాజాలి స్థావరం నుంచి ఎగిరి 2017 మార్చిలో రిటైరైన విమానం. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. అంత గొప్ప దాని పక్కన అంతకంటే గొప్పగా పేరు రాసి బోర్డు పెట్టారు. మ్యూజియం వాళ్ళకి ఇంగితం తక్కువని నా అభిప్రాయం. ఆ బోర్డుకి ఒక గుడ్డ కప్పి, గంట తర్వాత తీస్తే ఏం పోయింది?

అసలు ఘనుడు టీ కొట్టాయన. ఏ ఫోటో పెట్టినా పాలు పొంగకుండా చూసుకుంటూ “డకోటా” అంటాడు. బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాని వాళ్ళ తాత చూశాడట, ఇంట్లో తరతరాలుగా అదొక్కటే తెలుసు. తెలివితక్కువ పద్ధతేం కాదు. మిలిటరీకి చేసినవే పదివేలు దాటాయి. గాల్లోకి రాయి విసిరినా ఒకటి తగులుతుంది.

ఒకరోజు నేను అచ్చం డకోటా లాంటి దాన్ని తెచ్చాను. ఆయన “డకోటా” అన్నాడు. తలుపు చూడమన్నాను. డకోటాకి మనుషులెక్కే తలుపు ఎడమపక్క. ఇది ముక్కు కుడివైపుకి పెట్టి నిలబడి ఉంది, తలుపేమో మనకే కనపడుతోంది, అంటే కుడిపక్క. లైసెన్సు తీసుకుని రష్యావాళ్ళు కట్టుకున్న లీ-2 ఇది.

“ఫోటో తిరగేసినావు” అన్నాడాయన.

తిరగెయ్యలేదని చూపించడానికి వేలు తీశాను. కిటికీల పైన ఏరోఫ్లోట్ అని రష్యా లిపిలో ఉంది. అందులో రెండో అక్షరం, ఖర్మకాలి, వెనక్కి తిరిగిన ఇంగ్లీషు ‘ఇ’ లా ఉంటుంది.

“చూడండబ్బా! అక్షరం తిరగబడే ఉండాది!”

జనం ఆయన పక్కకి వెళ్ళిపోయారు. పెద్దాయన, పోస్టుమాస్టరు గారు, పక్షుల కుర్రాడు, అందరూ. లెక్కల అయ్యవారికి రష్యన్ అక్షరాలు వచ్చు. అప్పట్లో రష్యా మీర్ ప్రచురణలవాళ్ళ లెక్కల పుస్తకాల కోసం నేర్చుకున్నారు. ఆయన వంక చూశాను. ఆయన గ్లాసులోకి చూస్తున్నారు.

ఓట్ల మీద డకోటా గెలిచింది. మర్నాడు టీ కొట్టాయన వంతు. ఏం తెస్తాడో అందరికీ తెలుసు, అదే తెచ్చాడు. ఇక ఎవరూ గెలవకూడదు. పెద్దాయన “ప్యాకెట్” అన్నారు. కుర్రాడు “పిల్లది సార్, ఇంకా రంగు తేలలా” అన్నాడు. లెక్కల అయ్యవారు రెండు ఇంజన్లూ ఒక తోకా ఉన్న ఆ బొమ్మని శ్రద్ధగా పరిశీలించి, నాలుగు ఇంజన్లూ మూడు తోకలూ ఉండే సూపర్ కానిస్టెలేషన్ అని తేల్చారు.