నాలుగు వైర్లే: సటీకాతాత్పర్యం

మూలం: “చాలా సింపులండీ, నాలుగు వైర్లే!”

అవతారిక: మేడ మీది ట్యాంకులో నీటి మట్టం చూపించడానికని కోఠిలో ఒక 16×2 ఎల్‌సీడీ కొన్నాను. ఆర్డుయినోకి తగిలించగానే నీలి దీపం వెలిగింది, పై వరసలో పదహారు తెల్ల గళ్ళు పళ్ళికిలించాయి. అక్షరం ఒక్కటీ లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చింది పై వాక్యం. తర్వాత మరో ముగ్గురు, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడితో సహా, అదే మాట అదే నిట్టూర్పుతో అన్నారు. ఇంతమంది నోట అక్షరం పొల్లుపోకుండా వచ్చేది ఆర్షవాక్యమే అయి ఉండాలి.

మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు సంజీవని రాశాడు. నాకా ఒట్టు లేదు. సంజీవని అవసరం మాత్రం ఉంది.

టీక: ‘చాలా’, ‘సింపులు’ తేలికే, వదిలేస్తున్నాను. ‘అండీ’ మర్యాద, ఇక ఫోన్ పెట్టేయమని ధ్వని. ‘నాలుగు’ అంటే జీఎన్‌డీ, వీసీసీ, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. తెర వెనక చిన్న పలకకి సోల్డర్ చేసిన పదహారు కాళ్ళు లెక్కలోకి రావు. ‘వైర్లే’ = వైర్లు + ఏ. ఈ ఏకారం అవధారణార్థకం, అంటే మరేమీ అక్కర్లేదని. నా పేచీ అంతా దీనితోనే.

విశేషం: 1982లో ఫిలిప్స్ వాళ్ళు పుట్టించిన ఈ ఐ2సీ పద్ధతిలో ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అనే రెండు తీగల మీద ఎన్నో చిప్పులు కాపురముంటాయి. ఒక్కోదానికి ఒక నంబరు. నంబరు పెట్టి పిలిస్తే, ఆ నంబరు గలది తొమ్మిదో క్లాకు దెబ్బకి ఎస్‌డీఏని కిందికి లాగుతుంది. కథ వినేవాడు ఊఁ కొట్టడమన్నమాట. నేను వాడిన లైబ్రరీ ఎవరూ ఊఁ కొట్టకపోయినా ఆపదు, గోడకి కథ చెప్పుకుంటూ పోతుంది. తప్పు పట్టుబడనిది అందుకే.

పాఠభేదాలు: ఈ తెరని పిలవాల్సిన నంబరు చాలా ప్రతుల్లో 0ఎక్స్27. కొన్నిట్లో 0ఎక్స్3ఎఫ్. 0ఎక్స్4ఇ అనే పాఠమూ ఉంది గాని, అది రాయడమా చదవడమా అని చెప్పే చివరి బిట్టును కూడా కలిపి లెక్కించినవారిది. ఒక స్థానం జరిపితే మళ్ళీ 0ఎక్స్27 అవుతుంది. మొదటి రెండింటి తగవు లేఖక ప్రమాదం కాదు, చిప్పులే వేరు. వెనక పలక మీది చిప్పు పీసీఎఫ్8574 అయితే మొదటిది, పీసీఎఫ్8574ఏ అయితే రెండోది. ఏ0, ఏ1, ఏ2 అనే మూడు చుక్కలు కలపకుండా వదిలేస్తేనే ఈ లెక్క.

ప్రసంగవశాత్తు, ఆ తెర లోపలి హిటాచీ హెచ్‌డీ44780 గురించి. దాని ఏ00 రకంలో జపాను కటకానా అక్షరాలు పుట్టుకతోనే ఉన్నాయి. మనకో? సొంతంగా గీసుకోమని ఎనిమిది గళ్ళు, ఒక్కోటి అయిదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ‘నీటి మట్టం’ అని గీద్దామని గళ్ళ నోటుబుక్కు ముందేసుకున్నాను. నీ వచ్చింది. టి గుడి తెగి పక్కకి పడింది. ‘ట్టం’లో ట, దాని కింద ఒత్తు, పక్కన సున్న ఇరికించేసరికి నల్లిని నలిపినట్టుంది. రెండు రాత్రులు పోయాయి. ఎల్‌సీడీ ఇంకా పలకనే లేదన్న సంగతి మూడో రోజు గుర్తొచ్చింది.

తాత్పర్యం: కాంట్రాస్టు మార్చే నీలి స్క్రూని స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ తిప్పాను, గళ్ళు మాయమయ్యాయి, మళ్ళీ వచ్చాయి. వైర్లు మార్చాను. ఆర్డుయినో ఏ4, ఏ5 కాళ్ళు తారుమారు చేసి చూశాను. చివరికి నంబర్లన్నీ వరసగా పిలిచే స్కానర్ ప్రోగ్రాం ఎక్కిస్తే నేను పిలుస్తున్న 0ఎక్స్27 దగ్గర కాదు, 0ఎక్స్3ఎఫ్ దగ్గర ఊఁ వినబడింది. భూతద్దం పెట్టి చిప్పు మీద చూశాను. 8574 పక్కన చీమ తలంత ఏ.

రశీదు మీద ఆ అక్షరం లేదు. సంచీ మీదా లేదు. చిప్పుకి చెప్పాల్సిన ఏ మింగేసి, వైర్లకి తగిలించాడు మహానుభావుడు. ఈలోగా మా ట్యాంకు మూడుసార్లు పొంగింది, కింది వాటాలో ఉన్న ముసలాయన ఆరేసిన వడియాలు తడిశాయి.