ముసలెద్దు, కోడెదూడ, ఒకే పెట్టె

మొన్నొక సాయంత్రం ఫోనొచ్చింది. "సార్, మీరు మా పాత కస్టమర్. మీ అదృష్టం కొద్దీ..." అని ఎత్తుకుంది అవతలి గొంతు. అదృష్టం అనే మాట వినబడగానే నా చెయ్యి దానంతటదే జేబు మీదకి పోయింది. సంగతేమిటంటే, మా ఇంట్లో ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేస్తున్న సెట్‌టాప్ బాక్సు పాతబడిపోయిందట. దాన్నిచ్చేసి, పైన కొంత కట్టి, కొత్త ఆండ్రాయిడ్ బాక్సు పెట్టించుకుంటే చానళ్లూ, యూట్యూబూ, ఓటీటీలూ అన్నీ ఒకే పెట్టెలో, ఒకే రిమోట్‌తో వచ్చేస్తాయట. కంపెనీ పేరు అనవసరం. ఏ కంపెనీ పాడినా ఇదే పాట.

"అన్నీ ఒకే దాంట్లో" అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. చెరుకు రసం పోసి బెల్లం వండే పెనం వెడల్పుగా ఉంటుంది కదా, అందులోనే ఇడ్లీలు వేసుకోండి, ఆదివారం పిల్లలకి తలంటు కూడా పోయండి అని ఎవడైనా మా దేవరాపల్లి సంతలో అరిస్తే జనం నవ్విపోతారు. అదే మాట టీవీ పెట్టె గురించి చెబితే ఓటీపీ చెప్పేస్తారు. పైగా మాది రైవాడ రిజర్వాయరు పక్క ఊరు. ఒకే నీరు పొలానికీ, విశాఖపట్నం దాహానికీ అన్నప్పుడు ఎవరి వంతు తగ్గుతుందో మాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంతకీ ఆ కొత్త పెట్టెలో ఏముంటుంది? రెండు జీవాలుంటాయి. ఒకటి ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ పట్టుకునే పాత ట్యూనరు. రెండోది ఇంటర్నెట్ తాగి బతికే చిన్న కంప్యూటరు, అంటే టీవీ వెనకాల గుచ్చే స్టిక్కులో ఉండేలాంటిదే. ట్యూనరుది ముసలెద్దు స్వభావం. చెప్పిన దారిన పదేళ్లు నడుస్తుంది, మేత అడగదు. రెండోది కోడెదూడ. మొదటి ఏడు ఎగిరెగిరి దూకుతుంది. తర్వాత యాప్‌లు బరువెక్కుతాయి, మెమరీ చాలదు, అప్‌డేట్లు ఆగిపోతాయి, "ఈ యాప్ మీ పరికరంలో పనిచేయదు" అని ఒక బోర్డు వెలుస్తుంది. చిత్రంగా ఈ జోడీలో ముందు కుంటేది దూడే. రెండింటినీ ఒకే కాడికి కట్టి అమ్మారు కనక, దూడ కుంటినప్పుడు ఎద్దుని కూడా అమ్ముకోవాలి. అప్పుడు మళ్లీ ఫోనొస్తుంది. మీ అదృష్టం కొద్దీ.

అదే విడిగా స్టిక్కు కొన్నవాడు కుంటిదాన్ని పీకి పక్కన పడేస్తాడు. ఎద్దు దారిన ఎద్దు నడుస్తూనే ఉంటుంది.

ఆ గొంతు ఇంకో మాట కూడా అంది: "పిక్చర్ క్వాలిటీ, సిగ్నల్ అన్నీ బెటర్ అవుతాయి సార్." ఇక్కడ నాకు నిజంగా నవ్వొచ్చింది. మన డీటీహెచ్ ఉపగ్రహాల్లో కొన్ని భూమధ్యరేఖ పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర కాపురముంటాయి. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియాన్-5 రాకెట్ ఎక్కి వెళ్లిన జీశాట్-24 ఇల్లూ అక్కడే. దేవరాపల్లి రేఖాంశం కూడా ఇంచుమించు 83 డిగ్రీలే. అంటే మా డాబా మీద నిలబడి దక్షిణానికి తిరిగి తలెత్తితే, దాదాపు 70 డిగ్రీల ఎత్తున, ముక్కుకి సూటిగా ఉపగ్రహం. (మా ఇంటి డిష్ గొడుగు చూసేది దాన్నో, ఆ పక్కదాన్నో, అది మా గొడవ.) ఇంత వరస కలిసిన ఊరికి కూడా కొండల మీంచి దిగిన మబ్బు నెత్తి మీదకి రాగానే తెర మీద "నో సిగ్నల్" పడుతుంది. గొడుగు పట్టుకునే కేయూ బ్యాండు తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. వాన చినుకులు దాన్ని దారిలోనే తాగేస్తాయి. శారదా నదికి నీళ్లు తెచ్చే మబ్బే మా సీరియల్‌ని మింగుతుందన్నమాట. పెట్టె మార్చినా గొడుగు అదే, మబ్బు అదే. కొత్త బాక్సు చేసేదల్లా ఆ "నో సిగ్నల్"ని మరింత స్పష్టంగా చూపించడం.

స్టిక్కు వాళ్లు కూడా మీసం మెలెయ్యక్కర్లేదు. దానికి ఇంటర్నెట్ కావాలి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే నెట్టూ, టీవీ, ఫోనూ అంది. ఇదీ "అన్నీ ఒకే దాంట్లో" పాటే, కాకపోతే సర్కారు బాణీలో. దాని తీగ నడిచేది కరెంటు స్తంభాల మీద. స్తంభాల సంగతి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మాకు చూపించేసింది. ఆ రోజు గాలి గొడుగునీ వదల్లేదు, స్తంభాన్నీ వదల్లేదు.

అసలు ఈ బేరంలో చెప్పని మాట ఇంకొకటుంది. కొత్త పెట్టె ఇంటికొస్తే అది ఇల్లరికపు అల్లుడే. రేపు కంపెనీ నచ్చక ఇంకో కంపెనీకి పోదామంటే పెట్టె మనతో రాదు, వచ్చినా పలకదు. మొబైల్‌లో నంబరు మార్చకుండా కంపెనీ మార్చే సౌకర్యం 2011 జనవరిలోనే దేశమంతా వచ్చింది. సిమ్ము మారుస్తాం, ఫోను అదే. టీవీ పెట్టె కూడా ఏ కంపెనీతోనైనా పనిచెయ్యాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. సిఫార్సు కదా, పాపం అది సిఫార్సుగానే ఉండిపోయింది. స్టిక్కు మాత్రం చుట్టంలాంటిది. పీకి జేబులో వేసుకుని చోడవరంలో బావగారింటికి తీసుకెళ్లి గుచ్చినా మాట వింటుంది.

డబ్బు లెక్క చూద్దాం. ట్రాయ్ కొత్త టారిఫ్ 2019 ఫిబ్రవరి 1న వచ్చినప్పుడు, ఒక్క పే చానలూ కొనకముందే నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. వాకిట్లో నిలబడ్డందుకు కట్టే సుంకం అది. ఆండ్రాయిడ్ బాక్సు కొన్నంత మాత్రాన ఈ సుంకం పోదు, చానళ్ల డబ్బూ పోదు, ఓటీటీల చందా పోదు, నెట్ బిల్లూ పోదు. ఒక్కటయ్యేది పెట్టె మాత్రమే. బిల్లులు ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లలాగా ఎవరి పొయ్యి వాళ్లవే.

ఇంకా తమాషా ఏమిటంటే, ఈమధ్య కొన్న టీవీల్లో చాలావాటికి యూట్యూబూ, ఓటీటీలూ పుట్టుకతోనే ఉంటున్నాయి. మా టీవీ కూడా ఆ బాపతే. అంటే టీవీలో ఉన్నదాన్నే పెట్టెలో పెట్టి నాకు మళ్లీ అమ్మజూపారు. ఆ మాటే అంటే ఫోన్లో గొంతు ఒక్క క్షణం తడబడి, "అవును సార్, కానీ ఇందులో వాయిస్ రిమోట్ ఉంటుంది" అంది.

మర్నాడు ఒక కుర్రాడొచ్చాడు. కొత్త పెట్టె సంచిలోంచి తీసి టేబుల్ మీద పెట్టేశాడు కూడా. "మాస్టారూ, ఈయేళ తీసుకుంటే తగ్గించేత్తారు. రేపైతే మరి ఆఫరుండదు." పనివాడే, మాట కలుపుగోలుదే. వాడి టార్గెట్ వాడిది. నేను ఎద్దూ దూడా లెక్క చెబితే శ్రద్ధగా విని, నాతో లాభం లేదనుకుని, అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ దగ్గర కూర్చున్నాడు.

"మామ్మగారూ, మాటాడితే చాలు, రిమోటే వినీసుకుంటాది. మీకేటి కావాలో సెప్పండి."

మా అమ్మ ప్లాస్టిక్ కవరు తొడిగిన పాత రిమోట్ తీసి వాడి చేతిలో పెట్టింది. రబ్బరు బ్యాండు సర్దుతూ అంది: "సౌండు పెంచే బొత్తం కనబడ్డం లేదు నాయనా. ఇంతలావుది, ఎర్రది ఉందేటి నీ కాడ?"

కుర్రాడు కొత్త రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొత్తాలన్నీ చీమలంతే ఉన్నాయి. "ఆ మోడల్ రానేదు మామ్మగారూ," అని పెట్టె మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు.