షుగర్ ఉన్నవారికి ఊరంతా చెప్పే తప్పు చిట్కాలు

షుగర్ ఉందని తెలిసిన మనిషికి మన ఊళ్లలో సలహాలకు కొదవుండదు. పక్కింటివాళ్లు చెబుతారు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు చెబుతారు, వాట్సాప్‌లో వచ్చేవి సరేసరి. వాటిలో చాలావరకు విని వదిలేసినా పోయేదేమీ లేదు. కానీ జ్వరం, పుండు, టీకా దగ్గరికి వచ్చేసరికి ఆ సలహాలే ప్రాణం మీదికి తెస్తాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఈ సలహాలు వినని ఇల్లు ఉండదు కాబట్టి, వినబడే మాటల్లోనే వాటిని ఇక్కడ రాస్తున్నాను. దయచేసి వీటిలో ఒక్కటీ పాటించకండి, ఎవరికీ చెప్పకండి.

“పిన్నీ, జ్వరంతో నోట్లోకి ముద్ద పోవడం లేదు కదా, ఈ రెండ్రోజులూ ఇన్సులిన్ మానెయ్.”

అన్నింట్లోకీ ప్రమాదకరమైంది ఇదే. తినకపోతే షుగర్ దానంతటదే పడిపోతుందని అందరూ అనుకుంటారు. జ్వరంలో జరిగేది వేరు. ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. మెతుకు ముట్టని మనిషికీ మీటర్‌లో 300 కనబడేది అందుకే.

సరిగ్గా అప్పుడే తెల్లకణాలకు చేతినిండా పని పడుతుంది. వాటిలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. మామూలు రోజుల్లోనే ఎముక మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. సూక్ష్మజీవి ఉన్న చోటికి పాకి వెళ్లడం, దాన్ని మింగడం, లోపల రసాయనాలతో చంపడం వాటి పని. ఆ రసాయనాల తయారీకి ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం కావాలి. రక్తంలో చక్కెర మితిమీరినప్పుడు కణం కొంత చక్కెరను సార్బిటాల్‌గా మార్చుకుంటుంది. దానికీ ఎన్‌ఏడీపీహెచ్చే ఖర్చవుతుంది. దాంతో చంపే పనికి అది చాలదు, మింగిన సూక్ష్మజీవి లోపల చావకుండా మిగిలిపోతుంది. కణాలు పాకి వెళ్లే వేగమూ తగ్గుతుంది. తెల్లకణాల లెక్క రిపోర్టులో బాగానే కనబడుతుంది కానీ, పని మాత్రం జరగదు.

కాబట్టి జ్వరంలో ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. డోసు మార్చాలేమో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోండి. నీళ్లు, పల్చని మజ్జిగ, గంజి కొద్దికొద్దిగా లోపలికి పోతుండాలి. మాత్రల్లో కొన్నింటిని ఆ రోజుల్లో ఆపమంటారు, అవి ఏవో మీ డాక్టరే చెప్పాలి. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో ఉంచకండి.

“నీరసంగా ఉన్నావు బాబాయ్, ఒక గ్లూకోజు సీసా ఎక్కించుకుంటే లేచి కూర్చుంటావు.”

పల్లెల్లో జ్వరం వస్తే మొదట జరిగే వైద్యం ఇదే. దూలానికి సీసా వేలాడుతుంటే ఇంటిల్లిపాదికీ ధైర్యంగా ఉంటుంది, ఆ ధైర్యాన్ని నేను తీసిపారేయను. కానీ లెక్క చూడండి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఉండే ఐదు లీటర్ల రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా కరిగి ఉండేది ఐదు గ్రాములే. పోరాడే తెల్లకణాలకు గ్లూకోజు కావాలన్నది నిజమే. వాటిలో లింఫోసైట్లనేవి నిద్ర లేచి విభజన మొదలుపెట్టగానే గ్లూకోజును విపరీతంగా వాడతాయి. అయితే షుగర్ 300 ఉన్న మనిషి రక్తంలో గ్లూకోజు కొరత లేదు, ఇంకా పోస్తే మేలు జరగదు. ఆసుపత్రిలోనూ ఒక్కోసారి గ్లూకోజు ఎక్కిస్తారు, ఇన్సులిన్ పక్కనే పెట్టుకుని, గంట గంటకూ షుగర్ చూస్తూ. ఇంటి దగ్గర ఆ రెండూ ఉండవు.

సీసాతో పాటు ‘బలానికి’ ఇచ్చే సూదుల్లో ఒక్కోసారి స్టెరాయిడ్ ఉంటుంది. జ్వరం గంటల్లో దిగుతుంది, ఆకలి వేస్తుంది, మందు పనిచేసిందనిపిస్తుంది. స్టెరాయిడ్ చేసేది రోగనిరోధక కణాలను అణచిపెట్టడం, షుగర్‌ను పెంచడం. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో 2021 వేసవిలో మనమంతా చూశాం. కొవిడ్ నుంచి బయటపడ్డారనుకున్నవాళ్లకు చెంప తిమ్మిరెక్కడం, కన్ను వాయడం, ముక్కులోంచి నల్లటి స్రావం రావడం. బ్లాక్ ఫంగస్ అని పేరుపడ్డ మ్యూకోర్‌మైకోసిస్ అది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి నోడల్ కేంద్రం చేశారు. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఆ జబ్బును తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది.

ఆ బూజు రేణువులు మన చుట్టూ గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉండేవే. మామూలుగా తెల్లకణాలు వాటిని మొలకెత్తనివ్వవు. షుగర్ అదుపు తప్పి, కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లం వైపు జరిగితే, ఇనుమును పట్టి ఉంచే ట్రాన్స్‌ఫెరిన్ ప్రొటీన్ పట్టు సడలుతుంది. విడిపడ్డ ఆ ఇనుమును ఫంగస్ వాడుకుంటుంది. అవసరమైన చోట స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది, దాన్ని తప్పుపట్టను. షుగర్ చూడకుండా, ఎన్నాళ్లు వాడాలో అడగకుండా వేసుకున్నవే కొంప ముంచాయి.

“చక్కెర మానేసి బెల్లం, తేనె, చ్యవనప్రాశ తీసుకో, ఇమ్యూనిటీ పెరుగుతుంది.” బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. చ్యవనప్రాశలోనూ ఎక్కువ భాగం తీపే. షుగర్ మనిషికి ఇమ్యూనిటీ డబ్బాలో రాదు.

“పుండు నొప్పి లేదుగా అన్నా, పసుపు పెట్టు, అదే మానుతుంది.” నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతి. నరాలు దెబ్బతిన్నాయి కాబట్టే నొప్పి తెలియడం లేదు. రక్తనాళాలు పూడుకుపోతే తెల్లకణాలు అక్కడికి చేరడమూ కష్టమే. ఆ రోజే చూపించండి.

“నువ్వు సన్నగానే ఉన్నావు వదినా, నీకేం భయం?” చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన ఒళ్లు మనలో చాలామందిది. మనకు నడుము చుట్టుకొలత మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. పొట్ట కొవ్వులోకి మాక్రోఫేజులనే తెల్లకణాలు చేరి ఎడతెగని వాపును నడుపుతాయని 2003 నుంచీ తెలుసు. ఆ వాపు, టీకాను గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాల మీదా ప్రభావం చూపుతుంది. అమెరికాలో నార్త్ కరోలినా పరిశోధకులు ఫ్లూ టీకా తీసుకున్నవాళ్లను చూస్తే, నెల తర్వాత ఊబకాయుల్లోనూ యాంటీబాడీలు బాగానే పెరిగాయి. ఏడాది తిరిగేసరికి మాత్రం మిగతావాళ్లకంటే వాళ్లలోనే ఎక్కువగా పడిపోయాయి. ఫ్లూ టీకాను ఏటేటా వేయించుకోమనడానికి ఇదీ ఒక కారణమే.

“షుగర్ ఉందిగా, టీకా నీకు పనిచేయదు. వేయించుకున్నా షుగర్ నార్మల్‌కు వచ్చాక చూద్దాం.”

ఇందులో పిసరంత నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటే హెచ్‌బీఏ1సీ అని కొలుస్తాం. యాంటీబాడీలకూ అలాగే చక్కెర అంటుకుని వాటి పనికి అడ్డు రావచ్చు. హెపటైటిస్-బి టీకాకు షుగర్, ఊబకాయం, పెద్ద వయసు ఉన్నవాళ్లలో యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. కానీ తక్కువ అంటే సున్నా కాదు. జబ్బు వస్తే ఎక్కువగా దెబ్బతినేదీ వీళ్లే కాబట్టి ఆగడానికి వీల్లేదు. ఫ్లూ, న్యుమోకాకల్, హెపటైటిస్-బి టీకాల గురించి మీ డాక్టరును ఈసారి చెకప్‌లోనే అడగండి.

“చేయి నొప్పెడుతుంది, పిరుదుకు వేయమను” అనేవాళ్ల మాట కూడా వినకండి. పిరుదులో కొవ్వు పొర మందం. హెపటైటిస్-బి టీకా కండకు చేరకుండా కొవ్వులోనే ఉండిపోతే యాంటీబాడీలు సరిగా పుట్టవు. భుజం కండకే వేయించుకోవాలి, లావుగా ఉన్నవాళ్లకు పొడవు సూది వాడాలి. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే ఈ టీకా తయారుచేసినప్పటి నుంచీ ఖరీదు అడ్డం కావడం తగ్గింది. మామూలుగా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో రక్తపరీక్ష చేస్తే పట్టిందో లేదో తెలుస్తుంది. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటితే పట్టినట్టు, లేకపోతే మళ్లీ వేస్తారు. షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లకు రెట్టింపు డోసు ఇవ్వాల్సి వస్తుంది, అప్పటికీ కొందరిలో చాలినన్ని యాంటీబాడీలు పుట్టవు. కిడ్నీలు బాగున్న రోజుల్లో వేయించుకుంటే పట్టే అవకాశం ఎక్కువ.