పక్క దిగకుండా సాహసయాత్రకు స్ఫూర్తి పొందే విధానం

ముందుగా ఇంట్లో అట్లాసు ఉంటే అటక మీద పడేయండి. ప్రసిద్ధమైన రెండు చోట్ల నడుమ పేరు తెలియని ఊళ్లు బోలెడుంటాయన్న అనుమానం పటం చూసినవాడికి తగులుతుంది. స్ఫూర్తికి అంతకన్నా చేటు లేదు. ఫోను తీసుకుని పడుకోండి. బొటనవేలితో తెరను తోసుకుంటూ పోతే ఒకే కొండ అంచున, ఒకే భంగిమలో, వేరువేరు మనుషులు వరసగా కనిపించే ఘడియ ఒకటి వస్తుంది. నలభయ్యో మనిషి దగ్గర మీకూ అక్కడ నిలబడాలనిపిస్తుంది. దాన్నే స్ఫూర్తి అంటారు. ఇది గొర్రెదాటు కాదా అని మనసు గొణిగితే, ఏ గొర్రే విమానం టికెట్టు కొనుక్కుని మరీ దూకదని సర్దిచెప్పండి.

చోటు ఎంచుకోవడానికి సూత్రం ఒక్కటే: ఒక్క ఫొటోలో ఇమిడిపోవాలి. బాలి దీవికి తూర్పున ఉన్న లెంపుయాంగ్ గుడి ఇందుకు మేలైన నమూనా. నిలువునా చీల్చినట్టుండే రాతి ద్వారం, దాని నడుమ అగుంగ్ అగ్నిపర్వతం, కింద కదలని చెరువులో రెండింటి నీడ. అక్కడ చెరువు లేదు. ఫొటో తీసే కుర్రాడు మీ ఫోను లెన్సు కింద చిన్న అద్దంముక్క పెడతాడు. ఆ అద్దమే చెరువు. రిసెప్షన్‌లో కానుక కవరు పట్టుకుని స్టేజీ ఎక్కడానికి కాచుకున్నట్టు, మీ నంబరు పిలిచేదాకా గంటల తరబడి కూర్చోవాలి. పిలిచాక ఒక నిలువు భంగిమ, ఒక గెంతు, ఇక తప్పుకోవాలి. నిజానికి ఆ ద్వారం దగ్గర యాత్ర మొదలవుతుంది. అన్నిటికన్నా పైనున్న గుడికి సుమారు 1,700 మెట్లున్నాయి. వాటి జోలికి పోకండి, ఆయాసం ఫొటోలో పడదు. నార్వేలోని ట్రోల్‌టుంగా అయితే సరస్సుకు దాదాపు 700 మీటర్ల ఎత్తున గాలిలోకి పొడుచుకొచ్చిన బండ. 2010లో ఏడాది మొత్తానికి వెయ్యి మంది కూడా పోని ఆ చోటికి 2016లో 80 వేల మంది దాకా వెళ్లారు. వాళ్లను రప్పించింది బండ కొసన మనిషి ఒంటరిగా నిలబడ్డ ఫొటో. ఆ ఒంటరితనం కోసం క్యూలో నిలబడాలి. క్యూ ఫ్రేములోకి రాకుండా చూసుకోవడమే అక్కడ చేయాల్సిన సాహసం.

సినిమా నుంచి కూడా స్ఫూర్తి తెచ్చుకోవచ్చు, కథ పట్టించుకోకపోతే. 2000లో వచ్చిన ‘ది బీచ్’లో కొందరు, పర్యాటకుల కంటపడని తీరం ఒకటి వెతికి పట్టుకుని, దాని ఆచూకీ బయటికి పొక్కకుండా దాచుకోవాలనుకుంటారు. అది తీసిన థాయ్‌లాండ్‌లోని మాయా బేకి రోజుకు ఐదు వేల మంది దాకా వచ్చిపడ్డారు. పగడపు దిబ్బలు దెబ్బతిని 2018లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసేసింది. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో. ఈలోగా సొరచేపలు తిరిగొచ్చాయి. కథలో ఉన్నవి అక్కడికి చేరడానికి పడ్డ పాట్లు, చేరాక పడ్డ తగవులు. జనం పట్టుకుపోయింది నీలం నీళ్లను. బొమ్మ గుణమే అంత: గమ్యాన్ని చూపిస్తుంది, దారిని కత్తిరించేస్తుంది. బొమ్మ చూసి పుట్టిన కోరికకు దారి అంటే ఖర్చు, ఆలస్యం, నడుంనొప్పి. సాహసమంటూ ఉంటే అది దారిలోనే ఎదురుపడాలి గనక, ఈ పద్ధతిలో మీకు దాని బెడద ఉండదు.

నలుగురూ పోయిన చోటికే పోవడం ఇవాళ పుట్టిన జబ్బా, కాశీకి మన తాతలు ఎవరిని చూసి బయల్దేరారు అని ఎవరైనా అడ్డుతగలొచ్చు. నిజమే. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో చెన్నపట్నం నుంచి బయల్దేరింది అందరూ పోయే కాశీకే. ఆ కోరికలో కొత్తదనం వీసమెత్తు లేదు. కానీ మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన అలవాటు కాబోలు, చూసినదల్లా రాసిపెట్టారు: ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దిగడానికి ఎక్కడ వసతి దొరుకుతుంది. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. పేరు కాశీదే గానీ పుస్తకం నిండా దారే. గమ్యాన్ని ఆయనా అరువే తెచ్చుకున్నారు. దారిని మాత్రం సొంతంగా చూశారు. ఈ పుస్తకం మీకెవరైనా ఇవ్వబోతే మర్యాదగా వద్దనండి.

ఆయనకు పల్లకీ ఉంది, బోయీలున్నారు, పదిహేను నెలలు తిరిగే తీరిక ఉంది. పది రోజుల సెలవు కోసం మేనేజరును బతిమాలుకునేవాళ్ల సంగతేమిటి? ఈ మాటను ఎగతాళితో కొట్టిపారేయలేం. ఫొటోలే లేకపోతే మనలో చాలామందికి నార్వేకి పోవచ్చన్న ఆలోచనే రాదు. పైగా మన పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్లాలంటే షెంజెన్ వీసా కావాలి. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో ముందే కాగితం మీద పెట్టాలి. అయితే ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య రైలు కిటికీలోంచి ఏం చూస్తారని గానీ, చిన్న స్టేషన్లో ఎందుకు దిగారని గానీ కాన్సులేటు అడగదు. పది రోజుల్లో అయిదు దేశాల ప్యాకేజీ తీసుకుంటే ఆ సందు కూడా పూడిపోతుంది కాబట్టి దాన్నే తీసుకోండి. బస్సెక్కగానే నిద్రపోండి, గైడు లేపుతాడు. ఇన్సూరెన్సు మరవకండి: కనీసం 30,000 యూరోలకు పాలసీ లేనిదే వీసా రాదు. జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు, ప్రాణం పోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు అందులో వస్తాయి. బస్సు చెడిపోయి, షెడ్యూల్లో లేని పల్లెలో ఒక మధ్యాహ్నమంతా గడపాల్సి వస్తే మాత్రం పరిహారం ట్రావెల్ ఏజెంటునే అడగాలి.