కదలని ఊరు, కదిలే జిల్లాలు

మా పెదనాన్న పుట్టింది మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లాలో. పెళ్లయింది ఆంధ్రప్రదేశ్, ఒంగోలు జిల్లాలో. పిల్లలు ప్రకాశం జిల్లాలో పుట్టారు. ఆఖరి మనవడు బాపట్ల జిల్లాలో పుట్టాడు. ఇంతా చేసి ఆయన చీరాల పక్కనున్న మా వాడరేవు వదిలి ఎక్కడా కాపురం పెట్టలేదు. లైట్‌హౌస్ ఉన్నచోటే ఉంది, సముద్రమూ ఉన్నచోటే ఉంది. జిల్లాలే ఒకదాని తర్వాత ఒకటి వచ్చి మమ్మల్ని కలుపుకుపోయాయి.

1904లో ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో ఉన్న మా ప్రాంతాన్ని 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికే ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని బాపట్లకు అప్పజెప్పారు. చిరునామా మార్చుకోవడం ఈ పక్కవాళ్లకు కొత్తేమీ కాదు. 1921లో మునిసిపాలిటీ పన్నులు మేం కట్టం పొమ్మని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలేసి, ఊరిబయట రామ్‌నగర్ వేసుకుని దాదాపు 11 నెలలున్నారు. అప్పుడు జనం కదిలారు. ఇప్పుడు కాగితాలు కదలాలి. అవి గోపాలకృష్ణయ్యగారు వచ్చి చెప్పినా కదలవు.

పెదనాన్న రేకుపెట్టె తెరిస్తే తెలుస్తుంది. స్థలం దస్తావేజులో గుంటూరు జిల్లా. ఆధార్‌లో ప్రకాశం. బియ్యం కార్డులో బాపట్ల. స్కూటర్ నంబరు ఏపీ 27, అంటే మళ్లీ ప్రకాశం. బాపట్ల పిన్‌కోడ్ 522తో మొదలైతే చీరాలది ఇప్పటికీ 523తోనే. కాగితాలు నమ్మితే ఆయన ముగ్గురు మనుషులు. పింఛను మాత్రం ఒక్కరికే.

నేను హైదరాబాద్‌లో సెర్చ్ సాఫ్ట్‌వేర్ పని చేస్తానని ఆయనకు తెలుసు. "ఏరా, మీ కంప్యూటర్లో అయితే ప్రకాశం కొట్టేసి బాపట్ల అని రాస్తే అయిపోద్దిగా?" అన్నాడు.

"అక్కడా కొట్టివేతలు ఉండవు పెదనాన్నా" అన్నాను.

అది నిజమే. 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీదే సోలార్, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటివి నడుస్తాయి. ఏ మాట ఏయే పత్రాల్లో ఉందో అది ముందే పట్టీ రాసి పెట్టుకుంటుంది. ఒకసారి రాసిన పట్టీని మళ్లీ ముట్టుకోదు. పత్రంలో ఒక్క మాట మార్చమన్నా, ఎలాస్టిక్‌సెర్చ్ దాచిన పాత ప్రతి బయటికి తీసి, మాట మార్చి, పత్రం మొత్తాన్ని కొత్తగా ఎక్కిస్తుంది. పాతదానికి "ఇది చెల్లదు" అని గుర్తు పెడుతుంది తప్ప చెరపదు. ఎప్పుడో చిన్న పట్టీలన్నీ కలిపి పెద్ద పట్టీ రాసేటప్పుడే ఆ చెల్లనిది నిజంగా పోతుంది.

"ఓస్, మన రిజిస్ట్రార్ ఆఫీసేగా!" అన్నాడు పెదనాన్న. నాకు నోట మాట రాలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అక్కడ మనుషుల పేర్లకు ఒక ఇండెక్స్, ఆస్తులకు ఇంకో ఇండెక్స్ ఉంటాయి. హద్దుల్లో తప్పు దొర్లితే పాత దస్తావేజు దిద్దరు. సవరణ దస్తావేజు అని కొత్తది రాయించుకోవాలి. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. మన ముత్తాతల నాటి గుమాస్తాలు ఈ పద్ధతిలోనే దస్తావేజులు ఎక్కించారు, టీలు తాగుతూ.

తేడా ఒక్కటే. ఎలాస్టిక్‌సెర్చ్‌లో మామూలుగా మార్చిన మాట ఒక సెకనులో వెతుకులాటకు దొరుకుతుంది. మా ఊరి కొత్త జిల్లా కొన్ని యాప్‌లకు ఇంకా అందలేదు. ఒక యాప్‌లో వాడరేవు అని కొడితే మేం ఇప్పటికీ ప్రకాశంలోనే ఉన్నాం. పాతదానికి చెల్లదనే గుర్తైనా పెట్టకుండా కొత్తది పక్కన పెడితే ఇంతే, ఇద్దరు పెదనాన్నలు ఒకే ఇంట్లో కూర్చుంటారు.

"ఆధార్ అయినా మార్పించుకుందాం, చీరాల పోదాం పద" అన్నాను.

"ఒక్క మాటకు ఫారం మొత్తం మళ్లీ నింపి, వేలిముద్రలేయాలా? ఉండు. ఇంకో జిల్లా ఎటూ వస్తుంది. అన్నీ కలిపి ఒకేసారి మార్పిద్దాం" అన్నాడు.

చిన్న చిన్న మార్పులు విడివిడిగా పంపి యంత్రాన్ని చంపకండి, పోగు చేసి ఒకేసారి పంపండి అని మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం అదే. ఆయన్ను బండి ఎక్కించే మాట నా దగ్గర ఇంకేం మిగల్లేదు.